ఆమెను అడిగిందెవరు?
('అర్జున్ రెడ్డి' సినిమా మీద మన పిల్లల వాదన)

మొన్న సంక్రాంతి సెలవులకు మా బడిలో చదువుకుని వెళ్లిన పిల్లలు అయిదుగురు మా ఇంటికి వచ్చారు. ఇద్దరు డిగ్రీ చదువుతున్నారు, ఒకడు ఐటీఐ, ఒకమ్మాయి నర్సింగు, ఇంకో అమ్మాయి నాలాగే టీచర్ ట్రైనింగు. వాకిట్లో చలిమంట చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటుంటే మాట సినిమాల మీదికి మళ్లింది. ఎవరో 'అర్జున్ రెడ్డి' పేరెత్తారు. అంతే, రెండు జట్లయ్యారు.

"మొగోడంటే అట్లుండాలి సారూ. ప్రేమించినంక ప్రాణం పెట్టిండు" అన్నాడు ఐటీఐ పిల్లాడు.

"ప్రాణం పెట్టుడు కాదు, ఆమె ప్రాణం తీసిండు. వాడు డాక్టరా, రౌడీనా?" అంది ట్రైనింగు అమ్మాయి.

"సినిమాల హీరో మంచోడే కావాలని రూలుందా? అట్లాంటోళ్లు లోకంల లేరా? ఉన్నది చూపిచ్చిండు" అని డిగ్రీ పిల్లాడు మధ్యలో వచ్చాడు.

నర్సింగు అమ్మాయి చాలాసేపు ఏమీ అనలేదు. కర్రతో నిప్పులు ఎగదోస్తూ కూర్చుంది. చివరికి నన్ను ఒక్కటే అడిగింది: "ఆమె మనసుల ఏమనుకుంటదో సినిమాల ఎక్కడన్నా ఉందా సారూ?"

నేను చప్పున జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే 2017 ఆగస్టులో ఆ సినిమా విడుదలైనప్పుడు కొత్తగూడెం వెళ్లి హాల్లో చూసినవాడిని నేను. మూడు గంటల పైన నడిచే సినిమా. ఒక్కసారి కూడా లేచి బయటికి రాలేదు. చప్పట్లు కొట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ అమ్మాయి ప్రశ్న పట్టుకుని సినిమాను మళ్లీ చూశాను. అప్పుడు తోచిన మాటలే ఇవి.

కథ చాలామందికి తెలిసిందే. మంగళూరులో వైద్య విద్య చదువుతున్న అర్జున్ (విజయ్ దేవరకొండ) మహా తెలివైనవాడు, మహా కోపిష్టి. కొత్తగా చేరిన ప్రీతి (షాలినీ పాండే) అనే అమ్మాయిని చూసి ప్రేమిస్తాడు. ఆమె తండ్రి కులం వేరని ఒప్పుకోడు. ఆమెకు వేరే పెళ్లవుతుంది. అర్జున్ తాగుడుకీ మత్తుకీ అలవాటుపడి కూలిపోతాడు, మళ్లీ తేరుకుంటాడు. చివరికి ప్రీతి నిండు గర్భిణిగా కనిపిస్తుంది. పెళ్లయిన కొద్ది రోజులకే ఆమె భర్తను వదిలి వచ్చేసిందనీ, కడుపులో బిడ్డ తనదేననీ తెలుస్తుంది. ఇద్దరూ ఒకటవుతారు. దర్శకుడు సందీప్ రెడ్డి వంగాకు ఇది మొదటి సినిమా. దీన్నే ఆయన 2019లో హిందీలో 'కబీర్ సింగ్'గా తీశారు. తమిళంలో 'ఆదిత్య వర్మ'గా వచ్చింది.

ముందు ఈ సినిమాను ఇష్టపడేవాళ్ల మాట న్యాయంగా చెప్పాలి. అప్పటికి మన తెలుగు సినిమాల్లో ప్రేమంటే విదేశాల్లో పాట, నాలుగు ఫైట్లు, మధ్యలో హాస్యం కోసం ఎవరినో ఒకరిని వెక్కిరించడం. ఇందులో మనుషులు మనుషుల్లా మాట్లాడతారు. రాహుల్ రామకృష్ణ వేసిన శివ పాత్ర తెలంగాణ యాసలో మాట్లాడితే మన పక్క ఊరి దోస్తు మాట్లాడినట్టే ఉంటుంది. ఆ యాస అంతకు ముందు చాలా సినిమాల్లో రౌడీకీ, పనివాడికీ, నవ్వించేవాడికీ మాత్రమే దక్కేది. నాయనమ్మ పోయినప్పుడు అర్జున్ తండ్రితో కలిసే ఘట్టం చూసి నాకు కళ్లు చెమ్మగిల్లాయి. దుఃఖం మనిషి ఒంటిని ఎట్లా తింటుందో విజయ్ దేవరకొండ నటించి చూపాడు. ఇవన్నీ నిజం. సినిమా బాగా తీయలేదని అనడం అబద్ధం అవుతుంది.

ఇక ఇష్టపడనివాళ్ల మాట. అర్జున్ మొదటి రోజే తరగతుల్లోకి వెళ్లి ఆ అమ్మాయి తనదని, ఎవరూ ఆమె జోలికి పోవద్దని ప్రకటిస్తాడు. అడగకుండానే ముద్దు పెడతాడు. ఎక్కడ కూర్చోవాలో, ఎవరితో స్నేహం చేయాలో తానే చెప్తాడు. పెళ్లి మాట తేలనప్పుడు ఆమె చెంప మీద కొట్టి, ఆరు గంటల్లో తేల్చుకొమ్మని గడువు పెడతాడు. ఇంకో చోట ఒకామెకు కత్తి చూపించి బట్టలు విప్పమంటాడు. ఇట్లాంటివాణ్ని నాయకుడని ఎట్లా ఒప్పుకుంటాం? ఇదీ వాళ్ల అభ్యంతరం.

మొదట్లో ఈ సినిమా మీద లేచిన గొడవ మాత్రం దీని గురించి కాదు. విడుదలకు ముందు ముద్దు బొమ్మ ఉన్న పోస్టర్లు బస్సుల మీద కనిపిస్తే, కాంగ్రెస్ నాయకుడు వి. హనుమంతరావు హైదరాబాదులో ఒక పోస్టరు చించారు. పేపర్లన్నీ రాశాయి. పోస్టరు మీది ముద్దు ఇద్దరూ ఇష్టపడి పెట్టుకున్న ముద్దు. దాన్ని చించారు. సినిమా లోపల మొదటి రోజు అడగకుండా పెట్టిన ముద్దు గురించి అప్పుడు పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. అంటే మన సమాజానికి ఆడమగ దగ్గరైతే సిగ్గు. ఆమె ఇష్టం అడిగారా లేదా అన్నది లెక్కలోకి రాదు. అది లెక్కలోకి రావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. 2019లో హిందీ సినిమా వచ్చాక దర్శకుడు ఒక ఇంటర్వ్యూలో, ప్రేమలో ఉన్నవాళ్లకు ఒకరినొకరు కొట్టుకునే చనువు లేకపోతే అందులో భావావేశం తనకు కనిపించదన్న అర్థం వచ్చేట్టు మాట్లాడారు. అప్పుడు దేశమంతా వాదన లేచింది. అదే ఏడాది చివర మలయాళ నటి పార్వతి ఒక చర్చా కార్యక్రమంలో, విజయ్ దేవరకొండ ఎదురుగా ఉండగానే, ఇట్లాంటి పాత్రలకు గొప్పదనం అంటగట్టడం తప్పని చెప్పింది.

మా వాకిట్లో డిగ్రీ పిల్లాడు అన్నమాట ఇక్కడ గుర్తుచేసుకోవాలి. హీరో మంచివాడే కావాలని రూలుందా? లేదు. ఆ మాటలో అతను నూటికి నూరుపాళ్లు సరైనవాడు. ఉపాధ్యాయులం మనం చాలామందిమి ఇక్కడే పొరపాటు పడతాం. కథ చెప్పగానే నీతి ఏమిటని అడుగుతాం. మంచివాళ్లు ఎవరు, చెడ్డవాళ్లు ఎవరు అని గీత గీయిస్తాం. చెడ్డవాడు ఉన్న కథ చెడ్డ కథ అన్నట్టు పిల్లలకు అర్థమవుతుంది.

గురజాడ 'కన్యాశుల్కం'లో గిరీశం ఎట్లాంటివాడు? మోసగాడు, మాటకారి, అప్పులు ఎగ్గొట్టేవాడు. విధవా వివాహం పేరు చెప్పి బుచ్చమ్మను లేవదీసుకుపోవాలని చూసేవాడు. అయినా నూరేళ్లు దాటినా అతని మాటలు వింటే నవ్వొస్తుంది. అర్జున్ కంటే గిరీశం మంచివాడేమీ కాదు. తేడా ఎక్కడుందంటే, ఆ నాటకంలో గిరీశానికి ఎదురుగా మధురవాణి ఉంది. ఆమెకు నోరుంది, బుద్ధి ఉంది. అతను ఎంతటివాడో ఆమెకు తెలుసు, ఆమె వల్ల మనకూ తెలుస్తుంది. చివరికి గిరీశానికి బుచ్చమ్మ దక్కదు. రచయిత అతన్ని ఇష్టంగా రాశాడు గానీ అతని పక్షాన తీర్పు చెప్పలేదు.

దేవదాసూ అంతే. శరత్ నవలలో అతను పార్వతిని గాలం కర్రతో నుదుటి మీద కొడతాడు. కానీ అంతకు ముందే పార్వతి అర్ధరాత్రి ధైర్యంగా అతని గదికి వెళ్లి తన మనసు చెప్పింది. అతను వెనకాడితే ఆ తర్వాత తనకూ అభిమానం ఉందని ముఖం మీదే అంది. దెబ్బ పడింది ఆ మాటలకే. దేవదాసు చేసినదానికి ఫలితం అనుభవించి, ఆమె వాకిట్లో ఆమెను చూడకుండానే చచ్చిపోతాడు. అతని మీద మనకు జాలి కలుగుతుంది. కానీ పార్వతి ఎవరో మనకు తెలియకుండా పోదు.

ఇప్పుడు నర్సింగు అమ్మాయి ప్రశ్నకు వద్దాం. ప్రీతి ఎవరు? ఆమెకు ఏ పాఠం ఇష్టం? డాక్టరు ఎందుకు కావాలనుకుంది? అర్జున్ ముద్దు పెట్టిన రాత్రి హాస్టల్ గదిలో ఏమనుకుంది? భయపడిందా, ఇష్టపడిందా, రెండూనా? సినిమా చెప్పదు. మొదటి సగంలో ఆమె మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కెమెరా ఎప్పుడూ అర్జున్ వెంటే వెళ్తుంది. అతను తాగితే చూస్తాం, ఏడిస్తే చూస్తాం, పడిపోతే చూస్తాం. అదే కాలంలో ప్రీతి ఇష్టంలేని పెళ్లి చేసుకుని, కొద్ది రోజుల్లో భర్తను వదిలేసి, కడుపుతో ఉండి, ఒక్కతే బతికింది. ఆలోచిస్తే ఆ ఇద్దరిలో ఎక్కువ ధైర్యం చూపింది ఆమే. ఆ నెలలన్నీ సినిమాలో లేవు. చివర్లో ఆమె నోరు విప్పుతుంది, కోప్పడుతుంది. అయితే అప్పుడు ఆ మాటలు చేసే ముఖ్యమైన పని, ఆమెను ఎవరూ ముట్టలేదని, బిడ్డ అతనిదేనని అర్జున్‌కూ మనకూ తెలియజేయడం.

ఇంకో ఘట్టం ఉంది. దాన్ని చాలామంది మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకుంటాను. తాగి ఆపరేషన్లు చేశాడని ఆసుపత్రిలో అర్జున్ మీద విచారణ జరుగుతుంది. తప్పించుకునే దారి ఉన్నా అతను అబద్ధం ఆడడు, తప్పు ఒప్పుకుంటాడు. వైద్యం చేసే అనుమతి పోతుంది. చాలా గొప్ప ఘట్టం. కానీ దాని పక్కన ఇంకో ప్రశ్న పెట్టి చూడండి. డాక్టరుగా చేసిన తప్పుకు విచారణ ఉంది, సాక్ష్యం ఉంది, శిక్ష ఉంది. ప్రీతి చెంప మీద కొట్టినందుకు విచారణ ఎక్కడ? అతని నిజాయితీ వృత్తి దాకా వచ్చి ఆగిపోయింది, ఆమె దాకా రాలేదు. సినిమాకు ఆ లోటు కనిపించలేదు.

మన పిల్లలు ఎక్కువ మాట్లాడని ఘట్టం ఒకటి చెప్తాను. ఇంట్లో పనిచేసే ఆమె గ్లాసు పగలగొడుతుంది. అర్జున్ ఆమెను వెంటపడి తరుముతాడు. ఆమె ప్రాణభయంతో పరిగెత్తుతుంది. హాలంతా నవ్వు. 2017లో నేనూ నవ్వాను. మళ్లీ చూసినప్పుడు నవ్వు రాలేదు. మా గూడేల నుంచి ఎంతమంది ఆడపిల్లలు పట్నం ఇళ్లల్లో అంట్లు తోమడానికి పోలేదు? వాళ్లలో ఎవరి చేతిలో గ్లాసు జారిపడినా పరిగెత్తాల్సింది వాళ్లే. ఆ పరుగు చూసి నవ్వాలంటే, ముందు పరిగెత్తే మనిషి మన మనిషి కాదని అనుకోవాలి. సినిమా నన్ను మూడు గంటలు అర్జున్ పక్కన కూర్చోబెట్టింది కాబట్టి, నా సొంత అక్కచెల్లెళ్లు నాకే పరాయివాళ్లయ్యారు.

మగపిల్లలకు కూడా ఒక మాట చెప్పాలి. ఐటీఐ పిల్లాడు ఆ గడ్డం, ఆ బండి, ఆ కోపం చూసి ముచ్చటపడ్డాడు. ఆ వయసులో నేనూ పడేవాణ్నే. కానీ అర్జున్ కోపం వెనకాల ఏముందో చూడాలి. పెద్ద బంగళా ఉంది, పలుకుబడి ఉన్న తండ్రి ఉన్నాడు, కేసులు చూసుకునే అన్న ఉన్నాడు, పేరు చివర రెడ్డి ఉంది. కాలేజీలో కొట్లాడితే క్షమాపణ చెప్పి ఉండొచ్చు, లేకపోతే పొమ్మంటారు, అంతే. పోలీసులు పట్టుకెళ్తే ఇంటికి తిరిగొస్తాడు. ఉద్యోగం పోయినా పొయ్యి ఆరిపోదు. మనసు కుదుటపడటానికి ఇటలీ పోయి రాగలడు. అంత కోపం అతనికి చెల్లుబాటైంది, ఎందుకంటే దాని ఖర్చు వేరేవాళ్లు కడుతున్నారు. మన ఆశ్రమ పాఠశాల పిల్లాడు అదే కోపం చూపితే టీసీ చేతికిస్తారు. తాగి పనిలోకి పోతే మర్నాడు పని ఉండదు. స్టేషనుకు తీసుకెళ్తే విడిపించడానికి వాళ్ల నాయన మేకను అమ్మాలి. కోపం ఒకటే, బిల్లు మాత్రం ఒకటి కాదు.

ఇంతవరకూ సినిమాను అడిగాను. ఇప్పుడు మనల్ని మనం అడుక్కోవాలి. లేకపోతే ఈ వ్యాసం రాసే హక్కు నాకు లేదు.

మనం తరచూ గొప్పగా చెప్పుకుంటాం. మా కోయల్లో వరకట్నం లేదు, పిల్లవాడి తరఫువాళ్లే ఓలి ఇస్తారు, ఇష్టంలేని మొగుణ్ని వదిలి ఆడది పుట్టింటికి రావొచ్చు, మారుమనువు చేసుకోవచ్చు, దానికి ఎవరూ ముక్కు విరవరు అని. నిజమే. ప్రీతి భర్తను వదిలి వచ్చిన విషయాన్ని పట్నంవాళ్లు పెద్ద మలుపుగా చూశారు. మా నాయనమ్మ చూసి ఉంటే "ఇష్టం లేకపోతే వస్తది, దాంట్ల ఏముంది?" అనేది. ఇది మన బలం. అయితే మన పంచాయతీల్లో ఎవరు కూర్చుంటారు, ఎవరు మాట్లాడతారు?

కొన్నేళ్ల కిందట నేను పనిచేస్తున్న బడిలో పదో తరగతి పిల్లాడు తొమ్మిదో తరగతి అమ్మాయి 'నాది' అని అందరికీ చెప్పాడు. గోడ మీద పేరు రాశాడు. అతని జట్టు పిల్లలు ఆ అమ్మాయి కనిపిస్తే 'వదినా' అని పిలవడం మొదలుపెట్టారు. మేం టీచర్లం విన్నాం. వయసు పిల్లలు, ఆకతాయితనం అనుకుని ఊరుకున్నాం. ఆ అమ్మాయి దసరా సెలవులకు ఇంటికి పోయి మళ్లీ రాలేదు. తర్వాత ఊళ్లో పెద్దలు కూర్చున్నారు. పిల్లాడి తండ్రి, అమ్మాయి తండ్రి, పటేలు, బడి తరఫున నేను. పిల్లాడి తండ్రి తప్పు కట్టాడు. పిల్లాడు వచ్చి అమ్మాయి తండ్రి కాళ్లకు దండం పెట్టాడు. అందరం సమస్య తీరిందనుకున్నాం. కాగితం మీద నేనూ సంతకం చేశాను.

ఆ అమ్మాయి అప్పుడు ఇంటి లోపల తడిక వెనక ఉంది. ఆమెను పిలిచి "బిడ్డా, నీకేమయింది? బడికి వస్తావా?" అని అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు. టీటీసీ చదివి, పాతికేళ్లకు దగ్గరగా పాఠాలు చెప్తున్న నాకు తోచలేదు. మరుసటి ఏడాది ఆమె మిరప కోతలకు పోయింది. ఆ తర్వాత పెళ్లయింది. ఎదురుపడితే "బాగున్నవా సారూ" అని పలకరిస్తుంది. నేనే తలెత్తి చూడలేను.

ఆ పిల్లాడు చెడ్డవాడని నేను అనడం లేదు. వాడు సినిమా చూసే చెడిపోయాడని కూడా అనను. సినిమాలు లేని కాలంలో కూడా మగవాళ్లు ఆడవాళ్లను 'నాది' అన్నారు. నేను చెప్పేది ఇంకొకటి. ఆ అమ్మాయిని అడగకపోవడం ఆ పంచాయతీలో మాకు లోటుగా కనిపించలేదు. ప్రీతిని అడగకపోవడం 2017లో హాల్లో కూర్చున్న నాకూ లోటుగా కనిపించలేదు. రెంటికీ మూలం ఒక్కటే.

టీచర్ మిత్రులకు ఒక మనవి. 'అర్జున్ రెడ్డి'కి ఏ సర్టిఫికెట్ ఇచ్చారు. బడి పిల్లలు చూడాల్సిన సినిమా కాదు. కానీ ఫోనుల్లో వాళ్లు చూస్తున్నారని మనకూ తెలుసు. చూడొద్దని కేకలేస్తే దుప్పటి కింద చూస్తారు. హీరో చెడ్డవాడని తిడితే మనల్ని చాదస్తులంటారు. దానికంటే, కథ ఏదైనా సరే, పాఠ్యపుస్తకంలోదైనా, సినిమాలోదైనా, అమ్మమ్మ చెప్పిందైనా, "ఇందులో ఎవరిని అడగలేదు?" అని పిల్లలను అడగడం అలవాటు చేద్దాం. చెడ్డ పాత్రలున్న కథలనే ముందు తీసుకుందాం. అచ్చం మనలాంటి మనుషులు అందులోనే ఎక్కువ దొరుకుతారు. తెలుగు సినిమా కూడా ఈ ప్రశ్న వైపు మెల్లగా నడుస్తోంది. రష్మిక నటించిన 'ది గర్ల్‌ఫ్రెండ్' 2025లో వచ్చింది. నాది, నాది అనే అబ్బాయి అందులోనూ ఉన్నాడు. కానీ కెమెరా ఈసారి అమ్మాయి పక్కన నిలబడింది. దాని మీద కూడా పిల్లలు రెండు జట్లయితే మంచిదే, వాదించుకోనివ్వండి.

ఆ రాత్రి మంట ఆరిపోయే ముందు పిల్లలకు ఒక పని చెప్పాను. అర్జున్ కొట్టి వెళ్లిపోయిన తర్వాతి ఆరు గంటలు ప్రీతి వైపు నుంచి రాసుకు రమ్మన్నాను. ఒక్క పేజీ చాలు అన్నాను. మర్నాడు పొద్దున ఐటీఐ పిల్లాడు అందరికంటే ముందు వచ్చాడు. చేతిలో కాగితం ఉంది గానీ దాని మీద నాలుగు లైన్లే ఉన్నాయి.

"ఏమిరా, రాయలేదా?"

"రాద్దామనే కూసున్న సారూ. ఆమె గురించి నాకేం తెల్వదు. రెండుసార్లు చూసిన సినిమా, అయినా ఏం తెల్వదు."

వాడు సిగ్గుపడుతూ చెప్పాడు. నేను వాణ్ని కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాను. నర్సింగు అమ్మాయి అడిగిన దానికి నేను ఇవ్వలేకపోయిన జవాబు ఆ కాగితం మీద ఉంది.